ప్రజారోగ్య పరిశోధనకు సొంత బలం: ఏ దారి, ఎవరికి, ఎప్పుడు?

2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోవడం మొదలైంది. కొద్ది రోజుల్లోనే ఆరు వందల మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. చాలామంది త్వరగానే కోలుకున్నారు గానీ, కారణం తేల్చడానికి బయటి సంస్థలే రావాల్సి వచ్చింది. శాంపిళ్లు ఢిల్లీ ఎయిమ్స్‌కు, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు, జీవకణాల పరిశోధన సంస్థ సీసీఎంబీకి, పర్యావరణ పరిశోధన సంస్థ నీరీకి వెళ్లాయి. మొదట రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు. తర్వాత పురుగుమందుల అవశేషాల వైపు మొగ్గారు. అవి అంతమంది ఒంట్లోకి ఒకేసారి ఏ దారిన వెళ్లాయో తేలాలంటే దీర్ఘకాలం పరిశీలన కావాలన్నారు.

ఆ రోజుల్లో నిద్ర మాని పనిచేసిన డాక్టర్ల మీద నాకు గౌరవమే ఉంది. నా బాధ వేరు. ఒక ఊరికి కొత్త జబ్బు వస్తే, దాన్ని చదివి కారణం పట్టుకోగలిగే మనుషులు ఆ ఊరికి దగ్గరలో ఉండాలి. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాలు డెబ్బై ఏళ్లకు పైగా ఈ బలం కోసం రకరకాల దారులు ప్రయత్నించాయి. 1990లో ఒక అంతర్జాతీయ కమిషన్ ఈ దేశాలకు ఒక లెక్క కూడా చెప్పింది: ఆరోగ్యం మీద పెట్టే ఖర్చులో కనీసం 2 శాతం పరిశోధనకు ఇవ్వండి అని. ఎంత ఇవ్వాలో అలా తెలిసింది. దేనిమీద పెట్టాలో మాత్రం ఇప్పటికీ ఎవరికి వాళ్లు తేల్చుకోవాల్సిందే.

మీరు ఆరోగ్యశాఖలో అధికారి కావచ్చు, మెడికల్ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ చెప్పే టీచర్ కావచ్చు, అమెరికాలో ఉంటూ సొంత జిల్లాకు ఏదైనా చేయాలనుకునేవారు కావచ్చు, ఎంబీబీఎస్ అయ్యాక ఎటు వెళ్లాలా అని టెన్షన్ పడుతున్న కుర్రాడో అమ్మాయో కావచ్చు. ఎవరైనా ఒక్క ప్రశ్న దగ్గర పెట్టుకుని ఈ దారులను పోల్చి చూడమంటాను: గ్రాంటు డబ్బు ఆగిపోయిన మర్నాడు ఇక్కడ ఎవరు మిగులుతారు? కొన్నిచోట్ల భవనం మిగిలింది, కొన్నిచోట్ల పరిశోధన పేపర్లు మిగిలాయి. జీతం ఉన్న ఉద్యోగంలో, చేతిలో డేటాతో మనుషులు మిగిలినచోట మాత్రమే తర్వాత వచ్చిన జబ్బుకు సొంతంగా జవాబు వెతకగలిగారు.

బయటి దేశం పంపి చదివించడం

అందరికీ మొదట తట్టే దారి ఇదే. తెలివైన డాక్టర్ని లండన్‌కో బాల్టిమోర్‌కో పంపి పీహెచ్‌డీ చేయిస్తే, తిరిగొచ్చి ఇక్కడ విభాగం పెడతారన్నది ఆశ. లాభం నిజమైనదే. గణాంకాలు, ట్రయల్ ఎలా రూపొందించాలి, పేపర్ ఎలా రాయాలి అన్నవి బాగా నేర్పే చోట్లు అవి. చిక్కల్లా తిరిగి రావడంలోనే. కొందరు రారు. వచ్చినవాళ్లకు పోస్టు ఉండదు, ఉన్నా ఓపీ డ్యూటీలతోనే రోజు గడిచిపోతుంది. మరికొందరు అక్కడి గైడ్‌కు ఆసక్తి ఉన్న ప్రశ్ననే ఇక్కడికీ మోసుకొస్తారు, మన జిల్లా ప్రశ్న అలాగే ఉండిపోతుంది.

ఈ దారి అద్భుతంగా ఫలించిన ఉదాహరణ మనకు చాలా దగ్గరలోనే ఉంది. ప్రాణహిత దాటితే మహారాష్ట్రలోని గడ్చిరోలి. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 1980ల్లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో పబ్లిక్ హెల్త్ చదువుకుని వచ్చి, అక్కడే 'సెర్చ్' అనే సంస్థ పెట్టి స్థిరపడ్డారు. ఊళ్లో కొద్దిగా చదువుకున్న ఆడవాళ్లకు పసికందుల్లో ఇన్ఫెక్షన్ గుర్తులు పట్టడం, ఇంటి దగ్గరే ఇంజెక్షన్ ఇవ్వడం నేర్పారు. 39 గ్రామాల్లో ఈ పని చేసి, చేయని గ్రామాలతో పోల్చి చూశారు. మూడో ఏటికల్లా నవజాత శిశువుల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో 'లాన్సెట్' వైద్య పత్రికలో చూపించారు. ఈరోజు ఆశా కార్యకర్త బాలింత ఇంటికి వచ్చి బిడ్డను తూచి, ఉష్ణోగ్రత చూసి వెళ్తోందంటే దాని వెనుక గడ్చిరోలి లెక్కలున్నాయి. చదువు అమెరికాలో, ప్రశ్న గడ్చిరోలిది. ఆ ఇద్దరూ దశాబ్దాల పాటు ఆ జిల్లాను వదలకపోవడమే దీనికి ప్రాణం. అంత పట్టుదల అందరి దగ్గరా ఉంటుందనుకుని పథకాలు వేయడం సరికాదు.

అందుకే రెండు చోట్లా కాలు పెట్టి చేసే పీహెచ్‌డీ మేలని నా అభిప్రాయం. స్వీడన్ ప్రభుత్వ సాయంతో ఉగాండాలోని మకెరెరె విశ్వవిద్యాలయంలో 2000 నుంచి ఇలాగే నడిపారు. విద్యార్థి ఉగాండాలో ఉద్యోగం వదలడు, పరిశోధన అక్కడి రోగుల మీదే చేస్తాడు, కోర్సుల కోసం విడతలు విడతలుగా స్వీడన్ వెళ్లొస్తాడు. నైరోబీ కేంద్రంగా 2008లో మొదలైన 'కార్టా' అనే కూటమి ఇంకో అడుగు ముందుకేసి, ఆఫ్రికా విశ్వవిద్యాలయాల్లోని అధ్యాపకులకు ఆఫ్రికాలోనే పీహెచ్‌డీ ఇప్పిస్తోంది. మనిషి తన కుర్చీకి దూరం కాకుండా చదవడమే వీటిలోని మేలు. పోస్టు ఖాయం చేయకుండా స్కాలర్‌షిప్ ఒక్కటే ఇచ్చే పథకానికి నేను ఓటు వేయను.

అంతర్జాతీయ కేంద్రం కట్టడం

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. గొప్ప ఫలితాలు, గట్టి దెబ్బలు రెండూ ఇక్కడే కనిపిస్తాయి.

1960లో ఢాకాలో కలరా పరిశోధనశాల మొదలైంది. అప్పుడది తూర్పు పాకిస్థాన్. డబ్బు, పెద్ద శాస్త్రవేత్తలు ఎక్కువగా అమెరికా నుంచి వచ్చారు. ఢాకాకు కొంత దూరంలో, పడవల్లో తిరిగే మత్లబ్ అనే డెల్టా ప్రాంతాన్ని క్షేత్రంగా ఎంచుకున్నారు. 1966 నుంచి అక్కడ ఇంటింటికీ తిరిగి ప్రతి పుట్టుక, ప్రతి చావు, ప్రతి వలస రాసుకుంటూ వచ్చారు. 1968లో కలరా రోగులకు ఉప్పు, చక్కెర కలిపిన ద్రావణం నోటి ద్వారా ఇస్తే సెలైన్ అవసరం బాగా తగ్గిపోతుందని అక్కడే చూపించారు. 1971 యుద్ధంలో శరణార్థులు బెంగాల్ సరిహద్దులోని బొన్‌గావ్ శిబిరానికి పోటెత్తి, సెలైన్ అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణాన్నే డ్రమ్ముల్లో కలిపించి తాగించారు. దాదాపు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపుకు పడిపోయాయి. తర్వాత 1980ల్లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ బంగ్లాదేశ్‌లో కోటికి పైగా ఇళ్లకు మనుషుల్ని పంపి, ఆ ద్రావణం ఇంట్లోనే కలపడం తల్లులకు నేర్పింది. మన ఊళ్లలో ఓఆర్ఎస్ ప్యాకెట్ అన్నది ఇంటింటి మాట కావడానికి మూలం ఈ వరసే.

1970ల చివర్లో అది 'ఐసీడీడీఆర్,బీ' పేరుతో అంతర్జాతీయ సంస్థ అయింది. ఒక పెద్ద కేంద్రం ఏం చేయగలదంటే దీన్ని చూపిస్తే చాలు. కానీ రెండు సంగతులు కూడా చూడాలి. 1960లో మొదలైన ఈ సంస్థకు బంగ్లాదేశ్ మనిషి అధిపతి కావడానికి 2021 దాకా పట్టింది. అప్పుడు తహ్మీద్ అహ్మద్ పగ్గాలు అందుకున్నారు. రెండోది 2025 మొదట్లో. అమెరికా ప్రభుత్వం విదేశీ సాయాన్ని ఉన్నపళంగా ఆపేయగానే అక్కడ వెయ్యి మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. చాలామంది ఆ సాయంతో నడిచే ప్రాజెక్టుల్లో పనిచేసేవాళ్లు. అరవై ఏళ్లు పైబడిన, ప్రపంచమంతా పేరున్న సంస్థ పరిస్థితే అది. చిన్న కేంద్రాల సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

బయటి సాయంతో మొదలై సొంతమైన కేంద్రాలూ ఉన్నాయి. వాటి దగ్గరే నేర్చుకోవాల్సింది ఎక్కువ. 1956లో మద్రాసులో క్షయ చికిత్స పరిశోధన కేంద్రాన్ని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ కలిసి ఐదేళ్ల ప్రాజెక్టుగా మొదలుపెట్టాయి. అడిగిన ప్రశ్న అచ్చంగా మనది: క్షయ రోగుల ఆస్పత్రి అయిన శానిటోరియంలో పడకలు లేవు, మరి పేద రోగికి ఇంటి దగ్గరే మందులిస్తే నయమవుతుందా? ఇరుకు ఇళ్లలో, చాలీచాలని తిండితో ఉన్నవాళ్లకు కూడా శానిటోరియంలో ఉన్నవాళ్లతో సమానంగా నయమైందనీ, ఇంట్లోవాళ్లకు దానివల్ల అదనపు ముప్పు రాలేదనీ 1959లో చూపించారు. ప్రపంచవ్యాప్తంగా టీబీ చికిత్స ఇంటి దారి పట్టింది ఆ తర్వాతే. ఐదేళ్ల ప్రాజెక్టు మూతపడలేదు. ఐసీఎంఆర్ దాన్ని తన శాశ్వత సంస్థగా చేసుకుంది. ఇప్పటి జాతీయ క్షయ పరిశోధన సంస్థ అదే. టాంజానియాలోని ఇఫకారా కథ కూడా ఇలాంటిదే. 1950ల్లో స్విట్జర్లాండ్ వాళ్ల క్షేత్ర ల్యాబ్‌గా మొదలై, మెల్లమెల్లగా టాంజానియా వాళ్ల చేతికొచ్చి, 1996లో స్థానిక ట్రస్టు అయింది.

కాబట్టి ఎవరైనా విదేశీ విశ్వవిద్యాలయం మీ కాలేజీకి పెద్ద కేంద్రం ప్రతిపాదనతో వస్తే, వద్దనక్కర్లేదు. అప్పగింత ఏ ఏడాది, ఎన్ని పోస్టులు ఏ ఏడాది ప్రభుత్వ జీతంలోకి వస్తాయి అన్నది మొదటి రోజునే రాయించుకోండి. మద్రాసులో ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం మొదటి నుంచీ భాగస్వాములు. ఐదేళ్లు గడిచాక ఆ కేంద్రం నిలబడటంలో నేను ఎక్కువ విలువ దానికే ఇస్తాను.

ఉద్యోగంలో ఉంటూనే నేర్చుకునే ఎపిడమాలజీ

జబ్బు ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తోందో లెక్కలతో పట్టుకునే విద్య ఎపిడమాలజీ. ముజఫర్‌పూర్ సంగతి చాలామంది వినే ఉంటారు. బిహార్‌లోని ఆ జిల్లాలో 1995 నుంచి ఏటా ఎండాకాలంలో పిల్లలు తెల్లవారుజామున ఫిట్స్‌తో, స్పృహ లేకుండా ఆస్పత్రికి వచ్చేవారు, చాలామంది చనిపోయేవారు. మెదడువాపు వైరస్ అన్నారు, వడదెబ్బ అన్నారు. 2013, 2014ల్లో జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం, అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ బృందాలు అక్కడే ఉండి పనిచేశాయి. 2014 సీజన్లో రెండు ఆస్పత్రుల్లో చేరిన 390 మంది పిల్లల్లో 122 మంది చనిపోయారు. జబ్బుపడిన 104 మందిని, అదే వయసున్న మరో 104 మందిని పక్కపక్కన పెట్టి ఒకటే ప్రశ్నలు అడిగారు. నిన్న ఏం తిన్నారు, రాత్రి అన్నం తిన్నారా, తోటకు వెళ్లారా? లిచీ పళ్లు తిని, రాత్రి భోజనం మానేసిన పిల్లలకు ముప్పు చాలా ఎక్కువని తేలింది. లిచీలోని విషపదార్థాలు ఖాళీ కడుపున రక్తంలో చక్కెరను పడగొడుతున్నాయి. పిల్లలకు రాత్రి అన్నం పెట్టండి, ఆస్పత్రికి రాగానే చక్కెర చూసి గ్లూకోజ్ ఇవ్వండి. ఇంత చవకైన సలహా ఇన్నేళ్ల తర్వాత దొరికింది.

ఈ తరహా పనివాళ్లను తయారుచేసే శిక్షణకు మూలం అమెరికాలో 1951లో మొదలైన ఎపిడెమిక్ ఇంటెలిజెన్స్ సర్వీస్. 1980లో థాయ్‌లాండ్ తన ఆరోగ్యశాఖలోనే అలాంటి రెండేళ్ల శిక్షణ మొదలుపెట్టింది. మన దేశంలో చెన్నైలోని జాతీయ ఎపిడమాలజీ సంస్థ 2001 నుంచి, ఢిల్లీలోని జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం 2012 నుంచి నడుపుతున్నాయి. తరగతి గదిలో గడిపేది తక్కువ. మిగతా కాలమంతా జిల్లాలో నిజమైన వ్యాధి విజృంభణల మీద పనిచేయాలి, వ్యాధుల నిఘా వ్యవస్థ లోపాలు పట్టాలి, రాసి చూపించాలి. రెండేళ్లు సెలవు దొరకనివారికి మూడు నెలల ప్రాథమిక కోర్సులు, ఏడాది లోపు మధ్యస్థాయి కోర్సులు కూడా ప్రపంచమంతా ఉన్నాయి.

ప్రతి రెండు లక్షల జనాభాకు ఇలా శిక్షణ పొందిన ఒక్కరైనా ఉండాలన్నది అంతర్జాతీయంగా వాడే కొలత. 2011 జనాభా లెక్కలు తీసుకున్నా ఆంధ్రప్రదేశ్‌కు సుమారు 250 మంది, తెలంగాణకు సుమారు 175 మంది కావాలి. ఒక రాష్ట్రం నాలుగైదేళ్లు గట్టిగా తలచుకుంటే చేరుకోగలిగిన సంఖ్యలే. వీళ్లు ఇప్పటికే ప్రభుత్వ ఉద్యోగులు కాబట్టి జీతం కొత్త భారం కాదు. గ్రాంటు ఆగినా మనిషి ఎక్కడికీ పోడు. చిన్న మొత్తంతో, త్వరగా ఫలితమిచ్చే దారి ఏదని అడిగితే నా జవాబు ఇదే.

లోపాలు లేవని కాదు. ఎక్కువ లోతు వెళ్లని శిక్షణ ఇది. విజృంభణ మూలం పట్టగలరు గానీ ఇరవై ఏళ్ల పాటు నెమ్మదిగా కిడ్నీని తినేసే జబ్బు వీళ్ల పనిముట్లకు లొంగదు. శిక్షణ అయ్యాక బదిలీ చేసి ఏ స్టోర్స్ ఇన్‌చార్జిగానో వేస్తే ఆ రెండేళ్లు వృథా. కనుగొన్నదాన్ని వ్యవస్థ పట్టి ఉంచకపోతే అంతకన్నా నష్టం. ముజఫర్‌పూర్‌లో కారణం తెలిశాక కూడా 2019లో వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. ఆ వార్తలు చదివిన రోజుల్లో కలిగిన బాధ నాకింకా పోలేదు.

ల్యాబు, సీక్వెన్సింగ్ మెషీన్

వైరస్ జన్యువుల వరసను చదివేది సీక్వెన్సింగ్ మెషీన్. కోవిడ్ తర్వాత అందరి కళ్లూ దీనిమీదే. దాతలకూ ఇది ఇష్టం. ప్రారంభోత్సవం చేయొచ్చు, గోడ మీద పేరు వేయొచ్చు. ప్రాధాన్యంలో నేను దీన్ని చివర్లో పెడతాను. దాతలు ఇచ్చినవీ, కొన్నవీ కలిపి పేద దేశాల ఆస్పత్రుల్లో ఉన్న వైద్య పరికరాల్లో దాదాపు 40 శాతం పనిచేయడం లేదని 2011లో వచ్చిన ఒక అధ్యయనం లెక్క తేల్చింది. పరీక్షలకు వాడే రసాయనాలు (రీఏజెంట్లు) రావు, కరెంటు నిలకడగా ఉండదు, బాగుచేసే మనిషి రాజధానిలో ఉంటాడు.

మెషీన్ నిజంగా పనికొచ్చిన చోట్ల అది రాకముందే మనుషులు ఉన్నారు. 2021 నవంబరులో ఒమిక్రాన్‌ను దక్షిణాఫ్రికా, బోట్స్‌వానా శాస్త్రవేత్తలు ప్రపంచం కంటే ముందు పట్టుకున్నారు. హెచ్‌ఐవీ, టీబీల మీద ఏళ్ల తరబడి పనిచేసిన ల్యాబులు, మనుషులు అక్కడ ఉండబట్టే అది కుదిరింది. నైజీరియాది ఇంకా స్పష్టమైన ఉదాహరణ. 2014 జూలైలో ఎబోలా సోకిన ప్రయాణికుడొకరు లాగోస్ విమానాశ్రయంలో దిగాడు. రెండు కోట్లకు చేరువలో జనం ఉన్న నగరం. అక్కడి బోధనాస్పత్రి, రిడీమర్స్ విశ్వవిద్యాలయంలో క్రిస్టియన్ హాపి నడిపే జన్యు పరిశోధన కేంద్రం రోజుల్లోనే వైరస్‌ను నిర్ధారించాయి. అయినా ఎబోలాను ఆపింది ఆ పరీక్ష ఒక్కటే కాదు. పోలియో కార్యక్రమంలో పనిచేసినవారు, ఎపిడమాలజీ శిక్షణ పొందినవారు కలిసి 894 మంది కాంటాక్టులను పట్టుకుని, 18 వేలకు పైగా సార్లు ఎదురుగా వెళ్లి చూసొచ్చారు. మొత్తం 20 కేసులు, 8 మరణాలతో ఆగింది. అక్టోబరు 20న నైజీరియాలో ఎబోలా లేదని ప్రకటించారు.

ఒకే ఊళ్లను ఏళ్ల తరబడి చూడటం

దీనికి ప్రచారం తక్కువ. నాకు మాత్రం దీనిమీద ప్రత్యేకమైన అభిమానం, ఎందుకంటే మన దగ్గరే చేసి చూపించారు.

1987–90లో జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్‌కు దగ్గరలోని 29 గ్రామాల్లో ఒక అధ్యయనం చేసింది. 15 గ్రామాల్లో గర్భిణులకు, ఆరేళ్ల లోపు పిల్లలకు అంగన్‌వాడీ ద్వారా రోజూ అదనపు ఆహారం, ఉప్మాగా వండి పెట్టారు. మిగతా 14 గ్రామాలకు అప్పటికి పథకం రాలేదు. ఆ కాగితాలు పారేసి ఉంటే కథ అక్కడితో ముగిసేది. 2003–05లో ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వాళ్లయ్యాక మళ్లీ వెతికి పట్టుకున్నారు. కడుపులో ఉన్నప్పుడు, పసితనంలో ఆ ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువున్నారు. ఇన్సులిన్ పనితీరు, రక్తనాళాల మెత్తదనం కూడా మెరుగ్గా ఉన్నాయి. ఆ తర్వాత అది ఆంధ్రప్రదేశ్ చిల్డ్రన్ అండ్ పేరెంట్స్ స్టడీగా పెరిగి, తల్లిదండ్రులను, తోబుట్టువులను కూడా కలుపుకుంది. ఒక్క ముద్ద ఉప్మా పదిహేనేళ్ల తర్వాత గుండెకు ఏం చేసిందో చెప్పగలిగే డేటా పేద దేశాల్లో చాలా అరుదు.

ఒకసారి గట్టిగా చేసిన సర్వే కూడా దారి చూపిస్తుంది. 1996–2000 మధ్య ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి హైదరాబాద్‌తో పాటు పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కలిపి 10,293 మంది కళ్లు పరీక్షించింది. అంధత్వంలో పెద్ద వాటా శుక్లాలది, అద్దాలు లేకపోవడానిది అని తేలాక, ఊళ్లకు దగ్గరలో చిన్న దృష్టి కేంద్రాలు పెట్టే ఆలోచనకు అది బలమిచ్చింది.

ఈ దారి ఖరీదు డబ్బులో కన్నా ఓపికలో ఎక్కువ. మొదటి ఐదేళ్లలో చెప్పుకోదగ్గ పేపరు రాకపోవచ్చు. అధికారి మారగానే ఆపేయాలనిపిస్తుంది. పల్లె ఇళ్లలో ఏం తింటున్నారో 1972 నుంచి రాసుకొచ్చిన జాతీయ పోషకాహార పర్యవేక్షణ సంస్థను 2015లో మూసేశారు. నాలుగు దశాబ్దాల వరస అలా తెగిపోవడం నాకు చాలా పెద్ద నష్టంగా కనిపిస్తుంది. అలాంటి వరసను మళ్లీ కలపడం చాలా కష్టం.

ఉద్దానం మీద పెట్టి చూస్తే

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కొబ్బరి, జీడి తోటల మధ్య కిడ్నీ జబ్బుకు కారణం ఇప్పటికీ తేలలేదు. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఎంతోమంది డయాలసిస్‌కు వెళ్తున్నారు. పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. రక్షిత మంచినీటి పథకం కూడా వచ్చింది. రెండూ కావాల్సినవే. ఇప్పుడు పైన చెప్పిన దారుల్లో ఏది ఇక్కడ నప్పుతుంది?

రెండేళ్ల ఎపిడమాలజీ శిక్షణ ఒక్కటే చాలదు, ఎందుకంటే ఇది ఒక్కరోజులో వచ్చే విజృంభణ కాదు. మెషీన్ ఒక్కటే చాలదు. జబ్బు ముదిరాక రక్తంలో కనిపించేది కారణమా, ఫలితమా అన్నది తెలియదు. ఇక్కడ కావాల్సింది ఇంకా జబ్బు రాని పాతికేళ్ల కుర్రాళ్లను, అమ్మాయిలను పేరుపేరునా నమోదు చేసి, ఏటా కిడ్నీ పనితీరు, తాగే నీరు, ఎండలో పనిచేసే గంటలు, వాడే పురుగుమందులు, నొప్పి మాత్రలు అన్నీ పదిహేనేళ్లు రాసుకోవడం. నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లో ఇలాంటి జబ్బే ఉంది. అక్కడ కోత సీజన్‌కు ముందు, తర్వాత కూలీల రక్తం పరీక్షించి, విపరీతమైన ఎండలో ఒళ్లు వంచే పనికీ కిడ్నీ దెబ్బతినడానికీ సంబంధం చూపించారు. నీళ్లు, నీడ, విశ్రాంతి ఇచ్చి మార్పు వస్తుందా అని కూడా కొలిచారు. మన దగ్గర కారణం అదే కావాలని లేదు. అడిగిన పద్ధతి మాత్రం అరువు తెచ్చుకోదగ్గది.

కాబట్టి ఉద్దానానికి నా వరస ఇది. ఊళ్లను ఏళ్ల తరబడి చూసే నమోదు మొదట రావాలి. దాన్ని నడిపేందుకు శ్రీకాకుళం మెడికల్ కాలేజీలో, పలాసలో బదిలీ లేని పరిశోధన పోస్టులు వెంటనే రావాలి. ఆ పోస్టుల్లో చేరినవారికి రెండు చోట్లా కాలు పెట్టి చేసే పీహెచ్‌డీ ఇప్పించాలి. ఇంటింటికీ వెళ్లేది ఎలాగూ ఏఎన్ఎంలు, ఆశాలే. వాళ్లకు ఈ పనికి వేరే జీతం, పరిశోధన పేపర్లో పేరు రెండూ ఉండాలి. ఖరీదైన పరీక్షలు మొదట్లో హైదరాబాద్ సంస్థల్లో చేయించుకోవచ్చు. రక్తం, మూత్రం శాంపిళ్లు సరిగ్గా ఫ్రీజ్ చేసి దాచే ఫ్రీజర్లు, వాటికి నిలకడైన కరెంటు మాత్రం అక్కడే, మొదటి రోజు నుంచే కావాలి. పదేళ్ల తర్వాత కొత్త అనుమానం వస్తే వెనక్కి వెళ్లి చూసుకునే వీలు వాటితోనే ఉంటుంది.

ఎవరికి ఏది

ఆరోగ్యశాఖలో నిర్ణయం మీ చేతిలో ఉంటే, శిక్షణ పొందిన ఎపిడమాలజిస్టులను రెండు లక్షల జనాభాకు ఒకరి చొప్పున తయారుచేసి, కనీసం ఐదేళ్లు వేరే పనికి మార్చకుండా ఉంచండి. మెడికల్ కాలేజీ మీదైతే కాలేజీ ఫీల్డ్ ఏరియాలోని ఊళ్లను ఎంచుకుని పదేళ్ల నమోదు మొదలుపెట్టండి. ఏటా ఇంటర్న్‌లు ఎలాగూ వెళ్తున్నారు, వాళ్లు చేసే సర్వే ఏటా కొత్తగా మొదలై ఏటా చెత్తబుట్టలోకి పోకుండా ఒకే రిజిస్టర్‌లో చేరితే చాలు. ప్రభుత్వ కాలేజీల్లో పరిశోధన విభాగాలకు కేంద్ర ఆరోగ్య పరిశోధన శాఖ పథకాలున్నాయి, వాటికి దరఖాస్తు పెట్టండి.

విదేశాల్లో స్థిరపడి డబ్బు ఇవ్వాలనుకునేవారికి నా విన్నపం: మెషీన్ కొనివ్వకండి. ఒక గణాంక నిపుణురాలికి ఏడేళ్ల జీతం ఇవ్వండి. మన జిల్లా కాలేజీల్లో పరిశోధనలు ఆగిపోయేది ఎక్కువగా అక్కడే. డేటా ఉంటుంది, దాన్ని విశ్లేషించే మనిషి ఉండరు.

యువ డాక్టర్లకు, ఎమ్మెస్సీ చేసినవారికి: క్షేత్రం నచ్చుతుందో లేదో ఇంకా తెలియకపోతే ముందు చెన్నై లేదా ఢిల్లీ శిక్షణకు వెళ్లండి, పీహెచ్‌డీ తర్వాత చేయొచ్చు. ఒక జబ్బు మిమ్మల్ని వదలకుండా వెంటాడుతుంటే, దానిమీద పదేళ్లు ఉండగలమనిపిస్తే, నేరుగా ఫెలోషిప్ వైపు వెళ్లండి. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఇండియా అలయన్స్ క్లినికల్, ప్రజారోగ్య పరిశోధకులకు దేశంలోనే ఉండి పనిచేసేలా ఫెలోషిప్‌లు ఇస్తోంది. విదేశీ సీటు వస్తే వెళ్లండి, కానీ మీ థీసిస్ ప్రశ్న ఏ జిల్లాదో వెళ్లేముందే నిర్ణయించుకోండి.

ఎవరితో కలిసి పనిచేసినా ఒప్పందంలో కొన్ని మాటలు తెలుగులోనో ఇంగ్లీషులోనో స్పష్టంగా ఉండాలి. డేటా అసలు ప్రతి ఎక్కడ ఉంటుంది, శాంపిళ్లు దేశం దాటితే ఎవరి అనుమతితో దాటుతాయి, పేపర్లో మొదటి పేరు ఎవరిది, నాలుగో ఏడాది ఫీల్డ్ సిబ్బంది జీతం ఎవరిస్తారు, ఫలితాలు ఆ ఊరివాళ్లకు ఏ నెలలో, ఎవరు వెళ్లి చెబుతారు. చివరి రెండూ సాధారణంగా ఖాళీగా వదిలేస్తుంటారు. అవి నింపకుండా పంపిన ముసాయిదాను వెనక్కి పంపి, నింపి పంపమని అడగండి.